ఓట్లు సీట్లయ్యే లెక్క, 4వ పాఠం: తప్పు గీతలదా, పద్ధతిదా?

ఈసారి నేరుగా దామాషా (ఓట్ల నిష్పత్తిలో సీట్లు పంచే) లెక్కలోకి దిగాలి. కానీ పోయిన పాఠం అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చూశాక ముందు వాటి సంగతి తేల్చాల్సిందే అనిపించింది. మొదటి ప్రశ్నలో చిన్న తడబాటు. రెండో ప్రశ్నలో మాత్రం దాదాపు అందరూ ఒకే గుంటలో పడ్డారు. ఆ గుంట పూడ్చకుండా ముందుకెళ్తే మిగతా పాఠాలన్నీ దండగ.

మొదటిది గబగబా. వీధుల ఓట్లు మార్చకుండా వార్డుల హద్దు గీతలు మాత్రమే మార్చి ఎన్ని రకాల ఫలితాలు తేవచ్చో చూపమన్నాను. 15 వీధుల లేఅవుట్, 5 వార్డులు, వార్డుకి 3 వీధులు. మల్లె పార్టీ వీధులు 9, బంతి పార్టీ వీధులు 6.

బ బ మ మ మ
బ బ మ మ మ
బ బ మ మ మ

నిలువుగా గీస్తే మల్లెకి 3, బంతికి 2. ఎడమవైపు అడ్డంగా మూడేసి వీధులు (బ బ మ) కలిపి, మిగిలిన రెండు నిలువు వరుసల్ని చెరొక వార్డు చేస్తే బంతికి 3, మల్లెకి 2. మొదటి నిలువు వరుసని ఒక వార్డులో కుక్కేసి, మధ్యలో అడ్డంగా (బ మ మ) మూడు వార్డులు గీసి, చివరి నిలువు వరుసని ఐదో వార్డు చేస్తే మల్లెకి 4, బంతికి 1. ఒక్క ఓటరు కూడా మనసు మార్చుకోలేదు, ఫలితాలు మాత్రం మూడు రకాలు. ఒక పార్టీ ఓట్లని ఒకే వార్డులో పోగేస్తే కుక్కడం, వార్డుకి కొన్నిగా పంచేసి గెలవకుండా చేస్తే చీల్చడం, పోయినసారి చెప్పుకున్నవి ఇవే.

కొంతమంది మల్లెకి 5 వార్డులూ ఇచ్చేశారు. అది కుదరదు. వార్డుకి కనీసం 2 వీధులు కావాలి, అయిదు రెళ్లు పది, మల్లెకి ఉన్నవి 9. గీతలు ఎంత వంకరగా గీసినా ఈ హద్దు దాటలేరు కాబట్టి మ్యాప్ ముట్టుకోకముందే ఈ గుణకారం చేసుకోండి. మారతహళ్లి నుంచి ఒకావిడ అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ బిల్లు వెనకాల గళ్లు గీసి ఫోటో పంపారు. బంతి గెలిచే మ్యాప్‌లో మూడో నిలువు వరుస చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "ఈ మూడు వీధులవాళ్లూ వార్డుకొకరుగా ఒంటరైపోయారు, ఇరుగు పొరుగు ఒకటే పార్టీ అయినా" అని రాశారు. నాకు కావలసింది ఆ చూపు. ఎవరు గెలిచారన్నది తర్వాత, ముందు ఏ వీధి ఓటు ఎక్కడ ఆవిరైందో కనిపించాలి.

ఇక రెండో ప్రశ్న. మూడు ఫలితాలు ఇచ్చి, గీతల మాయ దేనిలో ఉందో గుర్తించమన్నాను. ఆంధ్రప్రదేశ్ 2024, కర్ణాటక 2018, అమెరికాలోని విస్కాన్సిన్ 2012. ఎక్కువమంది మూడింటికీ టిక్ పెట్టారు. కారణంగా అందరూ రాసినది ఒక్కటే, "ఓట్ల శాతానికి, సీట్ల శాతానికి పొంతన లేదు కాబట్టి".

పొంతన లేకపోవడం ఒక పార్టీకి లాభించేలా కావాలని గీతలు గీయడానికి, అంటే జెర్రీమాండరింగ్‌కి రుజువు కాదు. టీవీ చర్చల్లో కూడా ఇదే కలగాపులగం రోజూ వినిపిస్తుంది, అందుకే ఈ ఒక్క విషయం మీద నేను పట్టుబడతాను.

ఆంధ్రప్రదేశ్ తీసుకోండి. 2024లో వైఎస్సార్‌సీపీకి 39 శాతం పైచిలుకు ఓట్లు, 175లో 11 సీట్లు. చూడగానే ఎవరో కావాలని గీసినట్టే ఉంటుంది. ఇప్పుడు ఐదేళ్లు వెనక్కి వెళ్లండి. 2019లో టీడీపీకి 39 శాతం ఓట్లు, 23 సీట్లు. వైఎస్సార్‌సీపీకి దాదాపు 50 శాతం, 151 సీట్లు. అవే 175 నియోజకవర్గాలు, అవే గీతలు. 2001 జనాభా లెక్కల ఆధారంగా జస్టిస్ కుల్దీప్ సింగ్ నేతృత్వంలోని డీలిమిటేషన్ కమిషన్ 2008లో ఖరారు చేసినవి. ఒకే గీతలు ఒకసారి ఒకరిని, ఇంకోసారి వాళ్ల ప్రత్యర్థిని ముంచాయంటే ఆ గీతలు ఎవరి కోసం గీసినట్టు? ఎవరి కోసమూ కాదు. రాష్ట్రమంతటా సమానంగా పరుచుకున్న 39 శాతం అంటే దాదాపు ప్రతిచోటా రెండో స్థానం, మన పద్ధతిలో రెండో స్థానానికి దక్కేది సున్నా. ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లే గెలుపు అనే నియమం సీట్లని గంపగుత్తగా ఒకవైపు పోస్తుంది.

కర్ణాటక ఇంకా బాగా అర్థమవుతుంది, ఇక్కడ ఉంటున్న మనకి పేర్లు కూడా తెలిసినవే. 2018లో బీజేపీకి సుమారు 36 శాతం ఓట్లు, 104 సీట్లు. కాంగ్రెస్‌కి అంతకన్నా ఎక్కువగా 38 శాతం వచ్చినా సీట్లు 80 దాటలేదు. ఇక్కడ ఆగిపోయి "చూశారా, గీతలు!" అని రాసినవాళ్లున్నారు. 2023 చూడండి. బీజేపీకి మళ్లీ 36 శాతమే, సీట్లు 66. ఓట్ల శాతం కదల్లేదు, గీతలు కదల్లేదు, 38 సీట్లు పోయాయి. జేడీఎస్ 18 శాతం నుంచి 13కి పడింది, కాంగ్రెస్ 43 శాతానికి చేరి 135 సీట్లు గెలిచింది. మన ఓట్లు ఎన్ని అన్నదొక్కటే కాదు, ఎదుటి ఓట్లు ఎంతమంది మధ్య చీలాయన్నది కూడా సీట్లని తేలుస్తుంది. అదే 2023లో జయనగర్‌లో గెలుపు తేడా 16 ఓట్లు. అంతమంది ఓటర్లున్న చోట అటు ఇటు 16 మంది ఒక సీటు మొత్తాన్ని తిప్పేశారు. దీన్ని గీతల ఖాతాలో రాయలేం.

చెన్నైలో ఉన్న మనవాళ్ల కోసం తమిళనాడు లోక్‌సభ ఫలితాలు. 2014లో అన్నాడీఎంకేకి 39లో 37 సీట్లు, 20 శాతం పైన ఓట్లు తెచ్చుకున్న డీఎంకేకి గుండుసున్నా. 2019లో డీఎంకే కూటమికి 38. హైదరాబాద్ వైపు చూస్తే మజ్లిస్‌కి తెలంగాణలో 2018లోనూ 2023లోనూ 3 శాతం కన్నా తక్కువ ఓట్లే, సీట్లు రెండుసార్లూ 119లో 7, అంటే దాదాపు 6 శాతం. పాతబస్తీలో ఓట్లు ఒకేచోట చిక్కగా ఉండటం వల్ల అది జరిగింది. ఓట్లు ఎన్ని అన్నది ఒక ప్రశ్న, ఎక్కడున్నాయన్నది రెండో ప్రశ్న, వాటి మధ్య గీత ఎవరు, ఏ ఉద్దేశంతో గీశారన్నది మూడో ప్రశ్న. మీలో చాలామంది మొదటి ప్రశ్న నుంచి ఎకాఎకి మూడోదానికి దూకారు.

ఇప్పుడు విస్కాన్సిన్. 2011లో గీతలు గీసింది రిపబ్లికన్ పార్టీ ఆధిక్యంలో ఉన్న శాసనసభ. 2012లో ఆ పార్టీకి 48.6 శాతం ఓట్లు, 99లో 60 సీట్లు. 2014లో 52 శాతం, 63 సీట్లు. 2018లో రాష్ట్రమంతా కలిసి ఓటేసే గవర్నర్ పదవి డెమొక్రాట్లు గెలిచారు, అసెంబ్లీలో మాత్రం రిపబ్లికన్లకి అవే 63. గాలి ఎటు వీచినా సీట్లు కదల్లేదు. చివరికి మ్యాప్ మార్చి 2024లో ఎన్నిక పెడితే 54కి దిగింది.

తేడా దొరికిందా? ఓట్లు కొంచెం అటు ఇటు అయితే సీట్లు వరదలా పొర్లడం పద్ధతి పని. ఓట్లు ఊగుతున్నా సీట్లు బిగదీసుకుని అక్కడే ఉంటే అప్పుడు గీతల్ని అనుమానించాలి. నేను వాడే దగ్గరిదారి ఇది: ఒక్క ఎన్నిక ఫలితం చూసి ఏమీ అనొద్దు, ఒకే మ్యాప్ మీద జరిగిన కనీసం రెండు ఎన్నికలు పక్కపక్కన పెట్టండి. అంతా చూసి కూడా అనుమానమే అనండి, తీర్పు అనకండి. ఎందుకంటే విస్కాన్సిన్‌లో డెమొక్రాట్ ఓటర్లు మిల్వాకీ, మాడిసన్ నగరాల్లో గుంపుగా ఉంటారు. ఎవరూ కుక్కకుండానే కొంత కుక్కుడు దానంతట అదే జరుగుతుంది. అందుకే కోర్టుల ముందు నిపుణులు కంప్యూటర్‌తో ఏ పార్టీ లెక్కా చూడకుండా వందల మ్యాపులు గీయించి, అసలు మ్యాప్ వాటి గుంపులో ఇముడుతుందో లేదో చూపిస్తారు. పెన్సిల్వేనియా రాష్ట్ర సుప్రీంకోర్టు 2018లో మ్యాప్ కొట్టేసిన కేసులో ఇలాంటి సాక్ష్యమే వచ్చింది. ఆ మ్యాప్ మీద 2012లో డెమొక్రాట్లకి మొత్తం ఓట్లలో సగానికి కాస్త ఎక్కువే వచ్చినా 18లో 5 సీట్లే దక్కాయి.

అంటే మన దగ్గర గీతల గొడవే లేదా? అలా అనుకోవద్దు. లోక్‌సభ, అసెంబ్లీ గీతలు గీసే కమిషన్‌కి సుప్రీంకోర్టు జడ్జో మాజీ జడ్జో అధ్యక్షుడిగా ఉంటారు, ఎమ్మెల్యేలూ ఎంపీలూ సహాయ సభ్యులుగా కూర్చుంటారు కానీ వాళ్లకి ఓటు లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో గెలిచినవాళ్లే గీసుకుంటారు కాబట్టి ఇది చాలా మెరుగు. అయినా 2022లో జమ్మూకశ్మీర్ పునర్విభజనలో పెరిగిన 7 సీట్లలో జమ్మూకి 6, కశ్మీర్‌కి 1 ఇచ్చినప్పుడు, జనాభా ఎక్కువున్నది కశ్మీర్‌లో కాబట్టి, న్యాయంగానే ప్రశ్నలు లేచాయి. వార్డుల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, అక్కడ పగ్గాలు రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే ఉంటాయి. మన బెంగళూరే చూడండి. 198 వార్డుల మీద చివరిసారి 2015లో ఓటేశాం. ఆ కౌన్సిల్ గడువు 2020లో ముగిసింది. తర్వాత వార్డులు 243 అన్నారు, ప్రభుత్వం మారాక 225 అన్నారు, 2025లో కార్పొరేషన్‌నే ఐదు ముక్కలు చేశారు. గీతలు ఎవరికి లాభమో నేను చెప్పను, చూసే పద్ధతి మీకు తెలుసు. కానీ గీతలు మారుస్తూ ఎన్నికే జరపకపోవడం అన్నిటికన్నా పెద్ద అన్యాయం. డ్రైనేజీ పొంగితే ఎవరికి ఫోన్ చేయాలో తెలియని వీధులున్నాయి ఈ ఊళ్లో.

ఇంకొకటి, సైజు తేడాని గీతల వంకరతో కలపకండి. మహదేవపురలో ఓటర్ల జాబితా 6 లక్షలు దాటింది, శివాజీనగర్‌లో దాదాపు 2 లక్షలు. ఒక్కో ఎమ్మెల్యే, మూడింతల జనం. దీనికి కారణం కుట్ర కాదు, 2001 జనాభా లెక్కలతో గీసిన మ్యాప్ మీద ఐటీ కారిడార్ ఊరంత ఊరై పెరిగింది. 2026 తర్వాత జరిగే జనాభా లెక్కలు వచ్చేదాకా రాష్ట్రాలవారీ సీట్ల సంఖ్య ఎందుకు స్తంభించిందో 6వ పాఠంలో చూద్దాం.

సరే, దామాషా. గీతల రోగానికి అసలు మందు గీతల అవసరమే తగ్గించడం. 15 వీధుల లేఅవుట్ మొత్తాన్ని ఒకే నియోజకవర్గం చేసి 5 సీట్లనీ ఓట్ల నిష్పత్తిలో పంచితే మల్లెకి 3, బంతికి 2. గీయడానికి గీతే లేదు. పంచేది ఎలా అన్నదే నేర్చుకోవాలి, ఎందుకంటే ఓట్లు ఎప్పుడూ ఇలా చక్కగా తెగవు.

7 సీట్లు. మల్లె 53,000 ఓట్లు, బంతి 37,000, చేమంతి 15,000, గన్నేరు 9,000.

బెల్జియం న్యాయవేత్త విక్టర్ డీ హోంట్ పేరు మీద ఉన్న పద్ధతి ఇది. ప్రతి పార్టీ ఓట్లనీ 1, 2, 3, 4తో భాగించి వరసగా రాయండి, అన్నిటిలో పెద్ద అంకెలు ఏడు ఏరండి. వేలల్లో రాస్తే మల్లెకి 53, 26.5, 17.67, 13.25. బంతికి 37, 18.5, 12.33. చేమంతికి 15, 7.5. గన్నేరుకి 9. పెద్దవి ఏడు: 53, 37, 26.5, 18.5, 17.67, 15, 13.25. మల్లెకి 4, బంతికి 2, చేమంతికి 1, గన్నేరుకి ఏమీ లేదు.

శాతాల్లోకి మార్చి దగ్గరి అంకెకి సవరించకండి, అసలు ఓట్లతోనే వేయండి. సవరించిన చోటే చివరి సీటు తప్పు పార్టీకి పోతుంది.

సీట్లు ఎక్కువైనప్పుడు పట్టిక అంతా రాయక్కర్లేదు. మొత్తం ఓట్లని సీట్ల కన్నా ఒకటి ఎక్కువతో భాగించండి, ఇక్కడ 1,14,000ని 8తో, అంటే 14,250. ప్రతి పార్టీ ఓట్లలో అది ఎన్నిసార్లు నిండుగా పోతుందో అన్ని సీట్లు ఖాయం. మల్లెకి 3, బంతికి 2, చేమంతికి 1. మిగిలింది ఒక్కటే సీటు. దానికోసం ప్రతి పార్టీ ఓట్లనీ "వచ్చిన సీట్లు + 1"తో భాగించి పోల్చండి: 13,250, 12,333, 7,500, 9,000. మల్లెకే. ఆ "+ 1" మరిచిపోతే సీటు రాని పార్టీని సున్నాతో భాగించాల్సి వస్తుంది, కాబట్టి తప్పు వెంటనే పట్టుబడుతుంది.

నాకు మాత్రం సెయింట్ లాగ్ పద్ధతి ఇష్టం. అందులో 1, 3, 5, 7తో భాగిస్తాం. ఇవే ఓట్లకి పెద్దవి ఏడు ఏరితే 53, 37, 17.67, 15, 12.33, 10.6, 9. మల్లెకి 3, బంతికి 2, చేమంతికి 1, గన్నేరుకి 1. మల్లె ఓట్లు 46.5 శాతం. డీ హోంట్ దానికి సగం కన్నా ఎక్కువ సీట్లు ఇచ్చింది, ఇది ఇవ్వలేదు. సగంమంది కూడా ఓటేయని పార్టీకి సభలో సొంత మెజారిటీ రాకూడదన్నది నా అభిప్రాయం. స్థిరమైన ప్రభుత్వం ముఖ్యం అనేవాళ్లు డీ హోంట్ వైపు ఉంటారు, అదీ చిన్న వాదన కాదు. 1949లో రాజ్యాంగ సభలో దామాషా వద్దన్నప్పుడు అంబేద్కర్ చెప్పిన కారణాల్లో స్థిరత్వం ఒకటి, అక్షరాస్యత తక్కువగా ఉండటం ఇంకొకటి. రెండోది ఇప్పుడు చాలా మారింది. దగ్గరిదారి సెయింట్ లాగ్‌కి పనిచేయదు, పట్టిక మొత్తం రాయాల్సిందే.

నేపాల్‌లో 275 సీట్లలో 165 మన పద్ధతిలో, 110 దామాషాలో, సెయింట్ లాగ్‌తోనే నింపుతారు. మన దేశంలో దామాషా లేదనుకునేవాళ్లకి ఒక మాట: రాజ్యసభ ఎన్నిక దామాషానే, పార్టీ జాబితా కాకుండా ప్రాధాన్య ఓట్లతో (అభ్యర్థులకి 1, 2, 3 అని వరస రాసి). కర్ణాటకలో 224 మంది ఎమ్మెల్యేలు, 4 ఖాళీలు ఉంటే, 224ని 5తో భాగిస్తే 44.8, కాబట్టి ఒక సీటు గెలవడానికి 45 ఓట్లు. ప్రతి రాజ్యసభ ఎన్నికకీ పేపర్లో వచ్చే 45 అదే. పైన 8తో భాగించామే, ఆ లెక్కే ఇది.

దామాషా పెడితే గీతల బెడద పూర్తిగా పోతుందని మాత్రం అనుకోకండి. నియోజకవర్గానికి 7 సీట్లుంటే మాయ చేయడం కష్టం, 3 సీట్లే ఉంటే మళ్లీ సులువు. ఐర్లాండ్‌లో 1970లలో జేమ్స్ టల్లీ అనే మంత్రి డబ్లిన్ చుట్టుపక్కల 3 సీట్ల నియోజకవర్గాలు ఎక్కువ గీయించాడు, తమ కూటమికి మూడింట రెండేసి వస్తాయన్న ఆశతో. 1977లో ఓట్లు అనుకున్న దానికన్నా ఎక్కువ తగ్గేసరికి అవే మూడేసి సీట్లలో రెండు ప్రత్యర్థికి పోయాయి. ఆ తర్వాత అక్కడ గీతలు స్వతంత్ర కమిషన్ చేతికి వెళ్లాయి. అందుకే దామాషా అనగానే నా మొదటి ప్రశ్న "నియోజకవర్గానికి ఎన్ని సీట్లు?"

అభ్యాసం. ఇది ఒక్క పూటలో తెమలదు, వారాంతం పెట్టుకోండి. ఎన్నికల సంఘం సైట్‌లో 2023 కర్ణాటక ఫలితాలు తీసి, బెంగళూరులోని 28 అసెంబ్లీ సీట్లలో పార్టీలవారీగా ఓట్లు కూడండి. నోటా తీసేయండి. స్వతంత్రులందరినీ కలిపి ఒక పార్టీ చేయకండి, ఒక్కొక్కరూ ఒక్కో పార్టీ. మొదట ఊరంతా ఒకే నియోజకవర్గం అనుకుని 28 సీట్లు డీ హోంట్‌తో పంచండి, 29తో భాగించే దగ్గరిదారి ఇక్కడ మీ సమయం కాపాడుతుంది. తర్వాత పక్కపక్కనున్న ఏడేసి సీట్లు కలిపి నాలుగు నియోజకవర్గాలు చేయండి, ఒకసారి కాంగ్రెస్‌కి ఎక్కువ వచ్చేలా, ఇంకోసారి బీజేపీకి ఎక్కువ వచ్చేలా. చివరగా అదే పని రెండేసి సీట్లతో, పద్నాలుగు నియోజకవర్గాలుగా. ప్రతిసారీ రెండు మ్యాపుల మధ్య ఎన్ని సీట్లు తిరిగాయో రాయండి.

చెన్నైవాళ్లు నగరంలోని 16 సీట్లతో, 2021 ఓట్లతో చేయొచ్చు. నాలుగేసి సీట్లుగా, తర్వాత రెండేసిగా. ఓటేసినవాళ్లు ఈ పద్ధతి ఉండి ఉంటే వేరేగా వేసేవాళ్లేమో, పొత్తులు వేరేగా ఉండేవేమో, కాబట్టి వచ్చిన జవాబుని "అసలు గెలవాల్సింది ఫలానావాళ్లు" అని ఎవరికీ చెప్పకండి. నాకు పంపేటప్పుడు జవాబు ఒక్కటే కాకుండా పట్టిక ఫోటో కూడా పెట్టండి, చివరి సీటుకి పోటీపడిన రెండు అంకెల కిందా గీత గీసి.